మరమగ్గం నుంచి మరమనిషి దాకా



"మర" అన్నది రెండే అక్షరాల మాట. కానీ దాని సంసారం పెద్దది. వీధి చివర పిండిమర ఉంది. నేతపేటలో పగలూ రాత్రీ చప్పుడు చేసే మరమగ్గం ఉంది. సిపాయి చేతిలో మరతుపాకి ఉంది. సినిమాల పుణ్యమా అని మరమనిషి కూడా వచ్చి ఆ ఇంట్లోనే చేరాడు. షోలాపూరులోనైనా, బళ్ళారిలోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా తెలుగిళ్లలో ఈ మాటలన్నీ వినిపించేవే. అయితే మరమగ్గానికీ మరమనిషికీ పేరులోనే కాదు, వంశంలో కూడా చుట్టరికం ఉంది. ఆ చుట్టరికాన్ని గురించీ, మనిషికీ మరకూ జరిగిన పోరాటాన్ని తెరమీద చూపించిన ఒక సినిమాను గురించీ ఈనాటి ప్రసంగంలో నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆ సినిమా పేరు "టెర్మినేటర్ 2: జడ్జిమెంట్ డే". జడ్జిమెంట్ డే అంటే అంతిమ తీర్పు వెలువడే రోజు. జేమ్స్ కామెరాన్ అనే కెనడా దేశస్థుడు దర్శకత్వం వహించాడు. 1991 జూలై 3న అమెరికాలో విడుదలైంది. 1984లో ఆయనే తీసిన "ది టెర్మినేటర్"కు ఇది రెండో భాగం. మొదటి భాగానికి అయిన ఖర్చు సుమారు 64 లక్షల డాలర్లు. రెండో భాగానికి దాదాపు 10 కోట్ల డాలర్లు అయింది. ఆ రోజుల్లో అంత పెట్టుబడి పెట్టిన సినిమా మరొకటి లేదని చెప్పుకున్నారు. ప్రపంచం మొత్తం మీద 50 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. 1992లో నాలుగు ఆస్కార్ బహుమతులు అందుకుంది.

చూడని శ్రోతల కోసం కథ క్లుప్తంగా చెబుతాను. అమెరికా సైన్యం దేశ రక్షణ భారమంతా స్కైనెట్ అనే కంప్యూటర్ యంత్రాంగానికి అప్పగిస్తుంది. దానికి సొంత స్పృహ కలుగుతుంది. భయపడిన మనుషులు దాన్ని ఆపివేయబోతారు. అది ఊరుకోదు. అణ్వస్త్రాలు ప్రయోగించి, ఎదుటి దేశం చేత కూడా ప్రయోగింపజేసి, ఒక్క రోజులో 300 కోట్ల మందిని బలి తీసుకుంటుంది. కథలో ఆ తేదీ 1997 ఆగస్టు 29. మిగిలిన మనుషులు జాన్ కానర్ అనే నాయకుడి వెంట నిలబడి యంత్రాలతో పోరాడతారు. అతడిని పసితనంలోనే చంపాలని యంత్రాలు ఒక మరమనిషిని గతకాలానికి పంపుతాయి. అతడిని కాపాడడానికి మనుషులు ఇంకొక మరమనిషిని పంపుతారు. మొదటి భాగంలో హంతకుడిగా వచ్చిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ ఈ రెండో భాగంలో రక్షకుడిగా వస్తాడు. కథలోని గమ్మత్తు అంతా అక్కడే ఉంది.

ఈ కథ చెప్పినప్పుడల్లా బడిలో పిల్లలు ఒకే ప్రశ్న వేస్తారు: "చివరికి ఎవరు గెలుస్తారు మాస్టారూ, మనిషా, మరా?" చరిత్ర చదువుకున్నవాళ్లకు దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి కనబడుతుంది. మరకు ఆజ్ఞ ఇచ్చింది ఎవరు? ఈ ప్రశ్న చేత పట్టుకుని ఒక రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లివద్దాం.

ఫ్రాన్సు దేశంలో లియాన్ పట్టణం పట్టునేతకు ప్రసిద్ధి. ఆ ఊరివాడైన జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో మగ్గానికి ఒక కొత్త అమరిక తయారు చేశాడు. దళసరి అట్టల మీద చిల్లులు పొడిచి, వాటిని దండలా గుచ్చి, మగ్గం పైన వేలాడదీశాడు. చిల్లు ఉన్నచోట పడుగుదారం పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. ఏ పువ్వు ఎక్కడ పడాలో నేతగాడు గుర్తుపెట్టుకోనక్కరలేదు. ఆ జ్ఞాపకమంతా అట్టల్లోనే ఉంటుంది. షోలాపూరు దుప్పటి మీద పువ్వులూ నెమళ్లూ తేలేది ఈ జకార్డు అమరికతోనే. తెలంగాణ నుంచి వెళ్లి అక్కడ మగ్గాలు వేసుకున్న మన పద్మశాలీల ఇళ్లలో దీని గురించి నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే అవుతుంది.

ఆ రోజుల్లోనే ఇంగ్లండులో నేతపనివాళ్లు తిరగబడ్డారు. 1811లో నాటింగ్‌హామ్ ప్రాంతంలో మేజోళ్లు అల్లే యంత్రాలను రాత్రివేళ సుత్తులతో పగలగొట్టడం మొదలైంది. నెడ్ లడ్ అనే కల్పిత నాయకుడి పేరు చెప్పుకున్నారు కనుక వాళ్లకు లడ్డైట్లని పేరు వచ్చింది. ఇంగ్లీషులో నేటికీ యంత్రాలంటే గిట్టనివాణ్ణి ఆ పేరుతోనే ఎగతాళి చేస్తారు. అది న్యాయం కాదు. వాళ్లు పగలగొట్టిన అల్లిక యంత్రం కొత్తదేమీ కాదు. అప్పటికి రెండు వందల ఏళ్లకు పైగా వాడుకలో ఉన్నదే. పని నేర్వని వాళ్లను తక్కువ కూలికి పెట్టుకుని, నాసిరకం సరుకు తీసి, మిగతా పనివాళ్ల పొట్టకొట్టిన యజమానుల యంత్రాలనే వాళ్లు ఏరి ఏరి పగలగొట్టారు. మర్యాదగా కూలి ఇచ్చేవాళ్ల యంత్రాల జోలికి పోలేదు. అంటే వాళ్ల తగాదా ఇనుముతో కాదు, ఆ ఇనుముకు ఆజ్ఞ ఇచ్చేవాళ్లతో.

ప్రభుత్వం సుమారు 12,000 మంది సైనికులను దింపింది. 1812లో యంత్రం పగలగొట్టినవాడికి మరణశిక్ష అని చట్టం చేసింది. ఆ బిల్లును ప్రభువుల సభలో వ్యతిరేకించిన కొద్దిమందిలో కవి బైరన్ ఒకడు. ఆయన ఆ సభలో చేసిన మొట్టమొదటి ప్రసంగం ఆ నేతపనివాళ్ల తరఫునే. ఫలితం దక్కలేదు. 1813 జనవరిలో యార్క్ నగరంలో 17 మందిని ఉరితీశారు.

ఇక్కడ చరిత్ర ఒక చిత్రమైన ముడి వేసింది. 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున బైరన్ అద్దెకు తీసుకున్న ఇంట్లో, వానకు బయటికి వెళ్లలేక, మిత్రులందరూ దయ్యాల కథలు రాయాలని పందెం వేసుకున్నారు. వారిలో 18 ఏళ్ల మేరీ అనే యువతి రాసినదే 1818లో అచ్చయిన "ఫ్రాంకెన్‌స్టైన్". మనిషి చేసిన ప్రాణి మనిషి మీదికే తిరగబడే కథ. ఇక బైరన్ కుమార్తె అడా లవ్‌లేస్ గణితం చదువుకుంది. చార్లెస్ బాబేజ్ ఊహించిన గణన యంత్రాన్ని గురించి 1843లో విస్తారమైన వివరణలు రాసింది. ఆ యంత్రానికి ఆదేశాలు ఇవ్వడానికి బాబేజ్ ఎన్నుకున్నవి ఏమిటనుకుంటున్నారు? జకార్డు మగ్గం అట్టలే! చిల్లుల అట్టలతో కంప్యూటర్లు నడపడం ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలం దాటాక కూడా సాగింది. ఇందాక నేను చెప్పిన చుట్టరికం ఇదే. తండ్రి మగ్గం పనివాళ్ల ప్రాణాల కోసం వాదించాడు. కూతురు ఆ మగ్గం అట్టలతో లెక్కలు చేసే యంత్రాన్ని గురించి రాసింది.

ఇక "రోబో" అన్న మాట పుట్టుక చూద్దాం. 1921 జనవరి 25న ప్రాగ్ నగరంలోని జాతీయ రంగశాలలో కారెల్ చాపెక్ రాసిన "ఆర్.యు.ఆర్." అనే నాటకం ప్రదర్శించారు. కార్ఖానాలో తయారైన పనివాళ్లు యజమానుల మీద తిరగబడి మానవజాతిని తుడిచిపెట్టడం అందులో కథ. ఒక్క మనిషిని మాత్రం వదిలేస్తారు. అతడు కూడా తమలాగే చేతులతో పనిచేస్తాడన్నది వాళ్లు చెప్పే కారణం. ఆ పనివాళ్లకు పేరు కోసం కారెల్ వెతుకుతుంటే, చిత్రకారుడైన అన్న జోసెఫ్ "రోబో‌ట్" అన్న మాట అందించాడు. చెక్ భాషలో "రొబోటా" అంటే జమీందారు పొలంలో రైతులు కూలి లేకుండా చేసి తీరవలసిన పని.

శ్రోతలారా, దానికి మనం అర్థం వెతుక్కోనక్కరలేదు. మనం "వెట్టి" అంటాం. కన్నడంలో "బిట్టి చాకిరి" అంటారు. మరాఠీలో "వేఠ్" అంటారు. ఒడియాలో "బెఠి" అంటారు. తమిళ శాసనాల్లో కూడా "వెట్టి" కనబడుతుంది. మనం ఏ రాష్ట్రంలో స్థిరపడినా ఆ మాట మనకంటే ముందే అక్కడికి చేరి కూర్చుంది. తెలంగాణలో వెట్టికి ఎదురు తిరిగిన కథ మన పెద్దల నోట విన్నదే. కాబట్టి మరమనిషి అన్న తెలుగు మాట అందంగానే ఉన్నా, అసలు పేరుకు సరైన తెలుగు "వెట్టివాడు". వెట్టి చేయించుకునేవాడికి ఎప్పుడూ ఒక భయం ఉంటుంది. వీడు ఒకనాడు తలెత్తి నన్ను ఎదిరిస్తాడేమో అని. మరమనిషి కథలన్నింటిలో ఉన్నది ఆ పాత భయమే. ఆ మాటను లోకానికిచ్చిన జోసెఫ్ చాపెక్ కూడా 1945లో నాజీల నిర్బంధ శిబిరంలోనే కన్నుమూశాడు.

మన పురాణాలవాళ్లకు ఇది వినగానే భస్మాసురుడు గుర్తుకు వస్తాడు. వరం పొందినవాడు వరమిచ్చినవాడి నెత్తినే చెయ్యి పెట్టబోయాడు కదా. పోలిక బాగానే ఉంది, కానీ ఒక తేడా కూడా ఉంది. భస్మాసురుడికి సొంత బుద్ధి ఉంది, దురాశ ఉంది. మనం నిజ చరిత్రలో చూసిన యంత్రాలకు అవేమీ లేవు. అవి దురాశ వల్ల కాదు, తప్పు లెక్క వల్ల లోకాన్ని అంచుదాకా తీసుకుపోయాయి. అది ఎలాగో వినండి.

1979 నవంబరు 9న అమెరికా గగనతల రక్షణ కేంద్రంలోని తెరల మీద సోవియట్ క్షిపణులు గుంపులుగా వస్తున్నట్టు కనబడింది. యుద్ధవిమానాలు పైకి లేచాయి. కొద్ది నిమిషాల్లో రాడార్లతో సరిచూసుకుంటే ఆకాశంలో ఏమీ లేదు. శిక్షణ కోసం తయారు చేసిన ఉత్తుత్తి యుద్ధం అసలు యంత్రాంగంలోకి ఎక్కిపోయింది, అంతే. 1980 జూన్ 3న మళ్లీ అలాంటి కలవరమే. ఈసారి కారణం 46 సెంట్ల ఖరీదు చేసే చిన్న చిప్పు పాడవడం.

అన్నింటికంటే పెద్ద గండం 1983 సెప్టెంబరు 26న గడిచింది. మాస్కోకు దక్షిణాన సెర్పుఖోవ్-15 అనే రహస్య కేంద్రంలో ఆ రాత్రి కాపలా విధుల్లో ఉన్నవాడు లెఫ్టినెంట్ కల్నల్ స్తానిస్లావ్ పెత్రోవ్, వయస్సు 44. అమెరికా నుంచి ఒక క్షిపణి బయలుదేరిందని ఉపగ్రహం చెప్పింది. తర్వాత మరో నాలుగు అంది. అప్పటికి మూడు వారాల కిందటే కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ సైన్యం కూల్చివేసింది. రెండు దేశాలూ పళ్లు నూరుకుంటున్నాయి. నిబంధన ప్రకారం "దాడి జరుగుతోంది" అని పెత్రోవ్ పైవారికి చెప్పాలి. ఆయన చెప్పలేదు. నిజంగా యుద్ధమే మొదలుపెట్టదలిస్తే ఎవరైనా ఐదు క్షిపణులతో మొదలుపెడతారా అని ఆలోచించాడు. యంత్రం పొరబడిందని నివేదించాడు. ఆయన మాటే నిజమైంది. ఎత్తయిన మేఘాల మీద పడి మెరిసిన ఎండను ఉపగ్రహం క్షిపణుల మంట అనుకుంది. అప్పట్లో ఆయనకు సన్మానాలేమీ జరగలేదు. పైగా ఆ రాత్రి చిట్టా సరిగా రాయలేదని మందలించారు. ఈ సంగతి లోకానికి తెలిసింది 1990ల్లో. ఆయన 2017లో మరణించాడు.

మొదటి టెర్మినేటర్ సినిమా విడుదలైంది ఆ మరుసటి ఏడే, 1984 అక్టోబరులో. పెత్రోవ్ సంగతి కామెరాన్‌కు అప్పుడు తెలిసే అవకాశం లేదు. కానీ గాలిలో ఉన్న భయం ఒకటే. నిర్ణయం యంత్రం చేతిలో పెడితే మన గతి ఏమిటన్నది.

ఇప్పుడు రెండో భాగానికి వద్దాం. 1991 నాటికి కాలం మారింది. సినిమా వచ్చిన నెలలోనే, జూలై 31న, అమెరికా, సోవియట్ యూనియన్ అణ్వస్త్రాల తగ్గింపు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. ప్రళయానికి ఎంత దూరంలో ఉన్నామో సూచించడానికి అమెరికా అణు శాస్త్రజ్ఞులు ఒక గడియారం పెట్టుకున్నారు. ఆ ఏడు దాని ముల్లు అర్ధరాత్రికి 17 నిమిషాల దూరానికి వెళ్లింది. అంత వెనక్కి అంతకుముందు ఎప్పుడూ వెళ్లలేదు. ఆ ఆశ సినిమాలో కూడా ఉంది. మొదటి భాగంలో రానున్నది వచ్చి తీరుతుంది. రెండో భాగం మాత్రం విధిరాత అనేది ముందే రాసి లేదని, మార్చుకోవచ్చని అంటుంది. అదే నెల 18న మన తెలుగులో సింగీతం శ్రీనివాసరావు గారి "ఆదిత్య 369" విడుదలైంది. అది కూడా కాలంలో ప్రయాణించే కథే. అయితే మనవాళ్లు ముందుగా వెనక్కి, కృష్ణదేవరాయల విజయనగరానికి వెళ్లారు.

ఈ సినిమా నిర్మాణంలోనూ మనిషికీ మరకూ పోటీ ఉంది. ఇందులో విలన్ అయిన టి-1000 పాదరసంలా కరిగి ఏ రూపమైనా ధరిస్తాడు. ఆ దృశ్యాలు కంప్యూటర్‌తో గీశారు. అలాంటివి అంతకుముందు ఎవరూ చూడలేదు. కానీ 137 నిమిషాల సినిమాలో కంప్యూటర్ బొమ్మలు ఉన్నది ఐదు నిమిషాలకు మించదు. మిగిలినదంతా స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన బొమ్మలు, చిన్న నమూనాలు, మనుషులు. ఒక కాపలాదారు ఎదురుగా అతడి రూపమే నిలబడే దృశ్యం ఉంది. అందరూ కంప్యూటర్ మాయ అనుకుంటారు. నిజానికి వాళ్లు కవల సోదరులు. కథానాయిక లిండా హామిల్టన్ ఇద్దరుగా కనబడేచోట రెండో ఆమె ఆమె కవల సోదరి.

చివరి పోరాటం ఉక్కు కార్ఖానాలో జరుగుతుంది. అది కాలిఫోర్నియాలో ఫాంటానా అనే ఊళ్లోని కైజర్ ఉక్కు కర్మాగారం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓడల ఉక్కు కోసం కట్టారు. 1983లో మూతపడింది. వేలమంది జీతాలతో బతికిన చోటు అది. చల్లారిపోయిన ఆ కొలుములు మండుతున్నట్టు దీపాలతో భ్రమ కల్పించి చిత్రీకరించారు. మూతపడిన మిల్లుల గోడల పక్కన పెరిగిన షోలాపూరు, బొంబాయి పిల్లలకు దాని అర్థం వేరుగా చెప్పనక్కరలేదు.

కథలో నాకు ముఖ్యమనిపించేవి రెండు ఘట్టాలు. మొదటిది, మనుషులను చంపవద్దని పదేళ్ల పిల్లవాడు ఆ మరమనిషికి ఆజ్ఞ ఇవ్వడం. అంతకుముందు చంపడానికి పంపిన అదే రకం యంత్రం ఇప్పుడు ఆ మాటకు కట్టుబడుతుంది. ఇనుము మారలేదు, ఆజ్ఞ మారింది. రెండోది, డైసన్ అనే శాస్త్రజ్ఞుడిది. అతడు దుర్మార్గుడు కాదు. భార్యాబిడ్డలున్న సంసారి, పని అంటే పడిచచ్చేవాడు. తను చేస్తున్న చిప్పు రేపు ఏమవుతుందో అతడికి తెలియదు. అతణ్ణి చంపాలని వెళ్లిన తల్లి సారా, తుపాకి ఎక్కుపెట్టి కూడా చంపలేకపోతుంది. జరగబోయేది విన్న డైసన్ తన సొంత పరిశోధనాలయాన్ని తన చేతులతో తగలబెట్టడానికి ముందుకొచ్చి, ఆ పనిలోనే ప్రాణం వదులుతాడు. వరమిచ్చినవాడు బాధ్యత కూడా నెత్తిన వేసుకోవాలన్నది అక్కడ ఉన్న నీతి.

మరి నిజ జీవితంలో 1997 ఆగస్టు 29 మామూలుగానే తెల్లవారింది, మామూలుగానే పొద్దు గూకింది. అయితే ప్రశ్న చల్లారలేదు. మనిషి ప్రమేయం లేకుండా తామే గురిచూసి కాల్చే ఆయుధాలను గురించి 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఒక తీర్మానం చేసింది. 152 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి. 2024 నవంబరులో అమెరికా, చైనా అధ్యక్షులు పెరూ రాజధాని లీమాలో కలుసుకున్నప్పుడు, అణ్వాయుధం ప్రయోగించే నిర్ణయం మనిషి చేతిలోనే ఉండాలని ఒప్పుకున్నారు. శాస్త్రజ్ఞుల గడియారం మాత్రం 2025 జనవరిలో అర్ధరాత్రికి 89 సెకన్ల దగ్గరికి వచ్చింది. 17 నిమిషాలు ఎక్కడ, 89 సెకన్లు ఎక్కడ!

రెండు చట్టాలు పక్కపక్కన పెట్టి చూడండి. 1812లో ఇంగ్లండు పార్లమెంటు యంత్రం వైపు నిలబడి మనిషికి ఉరి వేసింది. 1985లో మన పార్లమెంటు కొన్ని రకాల వస్త్రాలు చేతిమగ్గం మీదే నేయాలని, మరమగ్గం వాటి జోలికి రాకూడదని చట్టం చేసింది. అది ఎంతవరకు అమలైందన్నది నేతగాళ్లకే బాగా తెలుసు. కానీ రెండూ మనుషులు చేసిన నిర్ణయాలే. ఏ మరా అడిగి చేయించుకున్నవి కావు. కాలం మారింది, మర వచ్చింది, ఇక మనం ఏం చేయగలం అని చేతులు ముడుచుకునేవాళ్లు ఈ సంగతి మరచిపోకూడదు.

మీ ఇంట్లో పిల్లలు ఇలాంటి సినిమా చూస్తుంటే వద్దనకండి. పక్కన కూర్చుని చూడండి. అయిపోయాక ఒక్క ప్రశ్న అడగండి: ఆ మరకు ఆజ్ఞ ఇచ్చింది ఎవరు, ఆ ఆజ్ఞ తప్పయితే కాదని చెప్పగలిగిన మనిషి అక్కడ ఉన్నాడా? 1983లో ఒక మనిషి ఉన్నాడు. అందుకే ఈ రోజు ఈ ప్రసంగం చేయడానికి నేనూ, వినడానికి మీరూ ఉన్నాం.